రెండు కిలోలు దాటని కెమెరా కోసం

రెండు కిలోలు. నా కుడి భుజంలో పలక పెట్టి అయిదు మరలు బిగించిన డాక్టరు గారు గీసిన గీత అది. అంతకు మించి బరువు తగిలించుకుంటే మళ్ళీ తన ముందుకే రావలసి ఉంటుందని ఆయన చెప్పారు. స్కూటరు మీద నుంచి పడ్డప్పుడు కూడా అంత భయం వేయలేదు. ఆ రెండు కిలోలలో ఒదిగే పెద్ద కెమెరా ఒకటి వెతుక్కుంటూ మొన్న శీతాకాలంలో నాలుగు రోజులు నెల్లూరు తీరం తిరిగి వచ్చాను. బయలుదేరే ముందు నాకు తెలుసు అనుకున్నవన్నీ ఒక్కొక్కటే తప్పని తేలాయి. ఆ దిమ్మ ఇంకా పూర్తిగా దిగలేదు.

నేను ఖమ్మంలో ఇంటర్ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. ఒక ప్రదర్శనలో అరచేతి వెడల్పు ఫిల్ము మీద తీసిన చింతచెట్టు ఫోటో చూసినప్పటి నుంచి నాకీ పిచ్చి పట్టింది. బెరడు మీద పాకే చీమకి కాళ్ళు లెక్కపెట్టవచ్చు. అలాంటి ఫోటో తీసే కెమెరా చూడడానికి సాదా వస్తువే. ముందు చెక్కలో లెన్సు, వెనక ఒక మసక గాజు, మధ్యలో హార్మోనియంలా సాగే నల్లటి తిత్తి. తల మీద నల్లగుడ్డ కప్పుకుని గాజు మీద పడే బొమ్మని సరిచేసుకోవాలి. తర్వాత గాజు ఉన్నచోట ఫిల్ము పలక దూర్చి నొక్కాలి. ఒక్క నొక్కుకి ఫిల్ము ఖర్చే మూడు వందల పైమాట అని చెప్పినప్పుడు మా ఆయన తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టేశారు.

ఇంకో తెలివితక్కువ పని కూడా ఒప్పుకోవాలి. కెమెరా లేకుండానే లెన్సు కొనేశాను. తాళిబొట్టు చేయించుకుని పెళ్ళికొడుకు కోసం బయలుదేరిన చందం. లెన్సు, రెండు ఫిల్ములు పట్టే పలక ఒకటి, కెమెరా నిలబెట్టే తేలికపాటి ముక్కాలి పీట, నల్లగుడ్డ, ముప్ఫై వేల రూపాయలు, సూట్‌కేసులు తూచే కొక్కెం త్రాసు. ఇవీ నా సరంజామా. ఈసారి దొరక్కపోతే లెన్సు అమ్మేస్తానని మా ఆయనకి మాటిచ్చి రైలెక్కాను.

నెల్లూరు: నిన్నటి పులుసు

మొదటి మజిలీ సుధాకర్ గారి స్టూడియో. అరవై దాటిన మనిషి. పాత కెమెరా ఒకటి అమ్ముతారని ఫోటోలు తీసేవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరో చెబితే ముందే ఫోను చేసి వెళ్ళాను. ఆయన వెనక గది తలుపు తీసి దీపం వేయగానే నోరు తెరిచాను. నేను చిన్న పెట్టె ఊహించుకున్నాను. అక్కడ నిలబడింది ఇనుప పట్టా మీద ఊరేగింపుకి సిద్ధమైన వాహనం. కొక్కెం త్రాసుకి తగిలించి ఇద్దరం కలిసి లేపితే పదకొండు కిలోల రెండు వందలు చూపించి కీచుమంది.

"ఇది మోసకపోయేది కాదు మేడమ్. ఇది ఉన్న కాడికి మనుషులు రావాల" అన్నారు సుధాకర్ గారు, నవ్వు ఆపుకుంటూ.

ధర పదిహేను వేలు. ఇంత చవగ్గా దొరికేది ఇంత బరువుంటుందా అని నేను దిగాలుపడి కూర్చుంటే, ఆయన నాకు పాఠం మొదలుపెట్టారు. కొత్తగా కొనేవాళ్ళంతా కెమెరా ముందు భాగం చూసి మురిసిపోతారట. "మొహం కాదు మేడమ్, వీపు చూడాల. మీ ఫిల్ము పలక ఆ వీపులో గట్టిగా కూర్చుంటే సగం కెమెరా బాగున్నట్టే. మసక గాజు ఎంత లోతులో ఉండాదో, ఫిల్ము కూడా అంతే లోతులో కూర్చోవాల. వెంట్రుక వాసి తేడా వస్తే బొమ్మ మసకే. ఆ తర్వాత తిత్తి చూడాల. దాంట్లోకి ఎలుతురు దూరిందంటే ఫిల్ము మీద పొగ కమ్ముకుంటాది." పేజీలకు పేజీలు చదివి నేను నేర్చుకోలేనిది ఆయన టీ చల్లారేలోపు చెప్పేశారు.

మధ్యాహ్నం వాళ్ళింట్లోనే భోజనం. చేపల పులుసు వడ్డిస్తూ ఆయన భార్య ఎంతో గర్వంగా "నిన్న పొద్దున చేసినాను" అన్నారు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మా వైపు అతిథికి నిన్నటి కూర పెడితే ఆ ఇంటి గురించి పదేళ్ళు చెప్పుకుంటారు. ఇక్కడ ఇవాళ్టి పులుసు పెట్టడమే మర్యాద కాదట, ముక్కకి ఇంకా పులుపు ఎక్కి ఉండదట. భయపడుతూనే మొదటి ముద్ద కలిపాను. పుల్లమామిడికాయ ముక్క కూడా చేపలాగే నోట్లో కరిగిపోయింది. మూడోసారి అన్నం పెట్టించుకున్నాను.

ముత్తుకూరు: ఎనభై అయిదు వేలు

రెండో రోజు ముత్తుకూరు. బస్సు కిటికీలోంచి విద్యుత్ కేంద్రాల పొగగొట్టాలు చాలాసేపు కనిపిస్తూనే ఉన్నాయి. లారీల వరస తెగితే గానీ రోడ్డు దాటలేకపోయాను. అక్కడ పనిచేసే ఇంజినీరు ఒకాయన తన మడత కెమెరా అమ్ముతానని నెట్‌లో పెట్టారు. ఫోటోలో పుస్తకంలా ముడుచుకుని ముద్దుగా ఉంది.

చేతిలోకి తీసుకున్నాక ముద్దు సంగతి మరిచిపోయాను. అంతా లోహమే. త్రాసు రెండు కిలోల తొమ్మిది వందలు చూపించింది. లెన్సు పెట్టకుండానే అంత. ధర అడిగితే ఎనభై అయిదు వేలు. నా మొహం చూసి ఆయనే జాలిపడి, "మీరు బస్సెక్కి ఇంత దూరం వచ్చినారు గాబట్టి ఎనభై" అన్నారు. రెండు కిలోల లోపుది కొత్తగా తెప్పించుకుంటే లక్షన్నర అవుతుందని ఓదార్పుగా చెప్పారు. ఆ ఓదార్పుతో ఇంకా కుంగిపోయాను. అప్పటికి నాకు అర్థమైంది ఒకటే: చవకైనది మోయలేను, మోయగలిగేది కొనలేను, ఇది ఆ రెంటికీ చెడ్డది.

బస్టాండులో చెరుకురసం తాగుతూ ఖమ్మం ఫోను చేసి ఓడిపోయానని చెబుదామనుకున్నాను. అంతలో సుధాకర్ గారి ఫోను వచ్చింది.

"మేడమ్, మీకొకటి చెప్పలా నిన్న. చెప్తే నవ్వుతారేమోనని మొహమాటపడినా" అన్నారు. ఆయన తండ్రి వాడిన కొయ్య కెమెరాని చెదలు తినేశాయట. దాని ముక్కలన్నీ మూటగట్టి, పులికాట్ సరస్సు ఒడ్డున పడవలు చేసే వడ్రంగి పోలయ్యకి ఇచ్చి, ఇలాంటిదే కొత్తది చేసిపెట్టమన్నారట. చేసి రెండు నెలలైందట. "నా కాడ దానికి పనికొచ్చే లెన్సు లేదు, కొనే ఓపికా లేదు. మీకు నచ్చితే ఆయనకి కూలి ఇచ్చి తీసకపోండి."

పడవలు చేసే చేతులు కెమెరా చేయడమా! నిజంగానే నవ్వొచ్చింది. కానీ నాకు ఇంకో దారి లేదు.

దొరవారిసత్రం దాటాక: నీళ్ళు పోసిన తిత్తి

మూడో రోజు దొరవారిసత్రంలో దిగి ఆటో మాట్లాడుకుంటే, నా ముక్కాలి పీట చూసి డ్రైవరు "పక్షుల ఫోటోలకా మేడమ్?" అన్నాడు. కెమెరా కొనడానికి అన్నాను. సరస్సు ఒడ్డున కెమెరాల కొట్టు తనకి తెలియకుండా ఎప్పుడు వచ్చిందా అన్నట్టు అద్దంలోంచి రెండుసార్లు చూశాడు. వరిపొలాలు అయిపోయి ఉప్పు బురద మొదలైన చోట పోలయ్య ఊరు వచ్చింది.

ఇంటి వెనక ఇసుక దొడ్డి. మొద్దులు, బాడిస, ఉలులు, నార ఉండలు. పడవ మాత్రం ఒక్కటి కూడా లేదు. దొడ్డి మధ్యలో రెండు పలకల నడుమ కెమెరా ఆకాశానికి వీపు పెట్టి వేలాడుతోంది. లెన్సు రంధ్రానికి బిరడా బిగించి ఉంది, తిత్తి పొట్టలా ఉబ్బి ఉంది. దగ్గరికి వెళ్ళి తొంగి చూస్తే అందులో నా మొహం కనిపించింది. నిండా నీళ్ళు!

"అయ్యో, ఏం చేశారండీ ఇది!" అని అరిచాను. కెమెరా మీద ఒక్క చినుకు పడితేనే గుండె ఆగిపోవాలని చదువుకున్న దాన్ని.

పోలయ్య గారు బక్కపలచని మనిషి, యాభై అయిదు ఉంటాయి. తొందరేమీ లేకుండా బీడీ ఆర్పి లేచారు. "తిత్తి చూస్తా ఉండానమ్మా. మీరు వస్తారని సుధాకరన్న ఫోను చేసినాడు, అందుకని పొద్దున్నే పోసినా. పడవకైనా ఇంతే. లోపల నీళ్ళు పోసి పెట్టేది, యాడ కారితే ఆ సందులో నార కొట్టేది. చూడండి, చుక్క దిగలా."

"ఇందులోకి నీళ్ళు రావండీ, వెలుతురు రాకూడదు!"

"అదే గదమ్మా. నీళ్ళే దూరనప్పుడు ఎలుతురు ఎట్టా దూరతాది?"

వంగి చూశాను. నిజమే, కింద ఇసుక పొడిగా ఉంది. నాలుగు మూలల అతుకుల్లో ఒక్కటి కూడా చెమ్మగిల్లలేదు.

నీళ్ళు వంపేసి ఎండలో ఆరబెట్టాక మెల్లగా పరిశీలించాను. కొయ్య తేలికపాటి మలబారు వేప, చేత్తో తడిమితేనే తెలిసింది. మూలల్లో మాత్రం టేకు. తిత్తికి లోపల నల్ల రెక్సిను, పైన గొడుగు గుడ్డ, మడతలు నిలబడడానికి మధ్యలో ఆసుపత్రి ఎక్స్‌రే ఫిల్ములు చీల్చి పెట్టారు. ఎవరి పక్కటెముకలో తెలియదు గానీ నా కెమెరాని మోస్తున్నాయి. సుధాకర్ గారు చెప్పినట్టు వీపు చూశాను. నా ఫిల్ము పలక దూర్చితే టక్కున కూర్చుంది. చిన్న స్కేలు పెట్టి గాజు లోతు, ఫిల్ము లోతు కొలిచాను. తేడా లేదు. పడవ పలకలు కంటితో చూసి కలిపే మనిషికి వెంట్రుక వాసి పెద్ద విషయం కాదట.

తూద్దామని కొక్కెం త్రాసు తీస్తే అది పలకలేదు, బ్యాటరీ అయిపోయింది. పోలయ్య గారి భార్య కాంతమ్మ గారు రొయ్యలు తూచే త్రాసు తెచ్చి, పళ్ళెం కడిగి, కెమెరా అందులో పెట్టారు. కిలో ఆరు వందల యాభై! మళ్ళీ తూయించాను. అదే. లెన్సుతో కలిపినా రెండు కిలోల లోపే. మూడు రోజుల్లో మొదటిసారి నాకు మంచి దిగ్భ్రాంతి కలిగింది. కెమెరాకి పట్టిన రొయ్యల వాసన ఈ రోజుకీ పోలేదు.

"ఎంతివ్వాలండీ?" అంటే ఆయన రూపాయల్లో చెప్పలేదు. "పద్నాలుగు దినాల పని, సామాన్లు" అన్నారు. పడవకైనా అలాగే చెబుతారట. లెక్క కడితే పదహారు వేలు దాటలేదు. నేను రూపాయి తగ్గించమనలేదు.

మడవ చేప వేపుడుతో అన్నం తిన్నాక అసలు పరీక్ష పెట్టాను. గది తలుపులు మూసి, కిటికీకి దుప్పటి కట్టి, సెల్‌ఫోను లైటు వేసి తిత్తి లోపల పెట్టాను. మడతల మూలల్లో ఏడుచోట్ల సూదిమొన లాంటి చుక్కలు మెరిశాయి. కుట్టు పడిన చోట్లు. పోలయ్య గారు దగ్గరికి వచ్చి ఒక్కొక్క చుక్క మీద వేలు పెట్టి చూశారు. ఇప్పుడు దిమ్మ తిరగడం ఆయన వంతు.

"ముప్పై అయిదేండ్లు నీళ్ళనే కాచినానమ్మా. నీళ్ళకంటే ఎలుతురు ఇంత సన్నమా!"

గుగ్గిలం, నూనె మరగబెట్టి, దీపపు మసి కలిపి, పడవ అతుకులకి పూసినట్టే ఆ ఏడు చుక్కలకీ పూశారు. ఆరడానికి తెల్లారే దాకా పడుతుందన్నారు. నేను సూళ్ళూరుపేట లాడ్జికి వెళ్ళిపోయాను.

సరస్సు ఒడ్డు: బోర్లా పడిన పడవ

నాలుగో రోజు పొద్దున వచ్చేసరికి చుక్కలు లేవు. లెన్సు బిగించి, ముక్కాలి పీట ఎక్కించి, ఒడ్డుకి తీసుకెళ్ళాం. సాయంత్రం నా రైలు. సుధాకర్ గారి మూటలో లెన్సు లేదు కాబట్టి, కెమెరా చేసిన మనిషి కూడా ఇంతవరకు అందులో బొమ్మ చూడలేదు. ఇసుకలోకి సగం లాగి నిలిపిన కొయ్య పడవ ఒకటి ఎదురుగా ఉంది. కాంతమ్మ గారి తమ్ముడిది. మిగిలినవన్నీ ఫైబరు పడవలే. నేను పడవ మీదకి సరిచేసి పక్కకి జరిగాను.

"రెండు నెలలు నా ఇంట్లో చోటు తినింది. ముందు నేనే చూస్తా" అని కాంతమ్మ గారు గుడ్డ కప్పుకున్నారు.

ఒక్క క్షణం. పెద్ద కేక. గుడ్డ విసిరేసి బయటికి వచ్చి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని సరస్సు వైపు పరుగెత్తారు. పడవ నిక్షేపంగా ఉంది. దాన్ని చేత్తో తడిమి, వెనక్కి వచ్చి నా మీద విరుచుకుపడ్డారు.

"ఏంది తల్లీ ఇది! మా తమ్ముడి పడవ బోర్లా పడిపొయ్యి ఉండాది దాంట్లో! ఆకాశం కింద, నీళ్ళు పైన!"

చెప్పడం మరిచిపోయాను. నాకు అంత మామూలైన విషయం. ఈ కెమెరాలో గాజు మీద బొమ్మ తలకిందులుగానే పడుతుంది, అందరికీ అంతే. క్లాసులో చెప్పినట్టు మొదలుపెట్టాను. వెలుతురు ఎట్లా అడ్డంగా దాటుతుందో చెప్పాను, మన కంట్లో కూడా బొమ్మ ఇలాగే పడుతుందన్నాను.

"మీ కంట్లో ఏమైనా పడనీ అమ్మా. మా పడవ మాత్రం పడకూడదు" అన్నారామె. "మా నాయన పడవని నేను అట్టనే చూసినా. అడుగు పైకి తేలి వచ్చినాది. ఆయన రాలా."

ఆ మాట ముందు నా పాఠం ఎంత చవకబారుదో తెలిసి సిగ్గేసింది.

"ఇది అమ్మేది లేదు. పొయ్యిలో పెడతా. ఆ బొమ్మని పెట్టెలో పెట్టుకుని ఊర్లు తిరగతారా?" అని ఆమె పీట కాళ్ళు పట్టుకున్నారు. లాక్కునే హక్కు నాకు లేదు. నా లెన్సు, నా రైలు, నా రెండు కిలోలు, అన్నీ ఆ చేతుల్లోనే ఉన్నాయి. అయిపోయింది అనుకున్నాను. ఖమ్మంలో లెన్సుకి ఎవరు ఎంతిస్తారో కూడా ఆలోచించేశాను.

పోలయ్య గారు ఇసుకలో పడిన నల్లగుడ్డ తీసి, దులిపి, తల మీద కప్పుకున్నారు. ఒక నిమిషం గడిచింది, ఇంకో నిమిషం గడిచింది. గుడ్డ కదలలేదు. కాంతమ్మ గారు కూడా పీట వదిలి చూస్తూ నిలబడ్డారు.

"మేయ్" అని లోపలి నుంచి పిలుపు వచ్చింది. మెత్తటి పిలుపు. "ఇది మునిగిన పడవ కాదే. రిపేరుకి వచ్చిన పడవ."

ఆమె ఒడ్డున ఉన్న పడవ వైపు తిరిగారు.

"మన దొడ్లో పడవలు ఎట్టా పడుకోనుంటాయి? ఇట్టా బోర్లించే గదా నేను నార కొట్టేది. ఫైబరు వచ్చినాక రెండేండ్లాయ, నా దొడ్లో ఒక్క పడవ బోర్లించలా. ఇయ్యాల వచ్చినాది." గుడ్డ లోపలి నుంచే మళ్ళీ అన్నారు. "మూడో పలక కాడ నార లేచిపోయినాది చూడు. నీ తమ్ముడు చెప్పనే లేదు."

గుడ్డ కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. లేని పడవ అంచుని తడుముతున్నట్టు గాల్లో కదిలింది. కాంతమ్మ గారు ఆ చేతిని చూసి, వెళ్ళి ఆయనని పక్కకి నెట్టి తానూ గుడ్డలో దూరారు. ఇద్దరూ లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినిపించలేదు. నేను వినాలని ప్రయత్నించలేదు కూడా.

బయటికి వచ్చాక ఆమె కళ్ళు తుడుచుకుని, "తీసుకోమ్మా, తీసుకో. ఇది ఈడనే ఉంటే ఈయన అన్నానికి రాడు, ఇట్టనే నిలబడతాడు" అన్నారు.

నా దగ్గరున్నవి రెండే ఫిల్ములు. మొదటి దానికి నొక్కాక మూత వేయడం మరిచిపోయి పలకని వెలుతురులోకి లాగేశాను. మూడు వందలు గంగలో కలిశాయి. రెండోది మాత్రం జాగ్రత్తగా తీశాను. ఆ పడవ, దాని పక్కన మూడో పలక మీద చెయ్యి వేసి పోలయ్య గారు.

ఖమ్మం

ఫిల్ము కడిగితే ఎక్కడా పొగ లేదు. గుగ్గిలం వెలుతురుని ఆపింది. మూడో పలక దగ్గర లేచిన నార పోగులు లెక్కపెట్టవచ్చు. కెమెరా నా భుజానికి తగిలించుకుని ఖిల్లా మెట్లు కూడా ఎక్కి వచ్చాను, మరలు ఊరుకున్నాయి. మా ఆయన రెండుసార్లు తూచి నమ్మారు.

ఒక పెద్ద ప్రింటు తీయించి పోలయ్య గారికి పోస్టులో పంపాను. వారం తర్వాత కాంతమ్మ గారు ఫోను చేశారు.

"ఫోటో అందిందమ్మా. ఈయన గోడకి తలకిందులుగా తగిలించినాడు."

"మీరు ఊరుకున్నారా అక్కా?"

"వచ్చినోళ్ళంతా అదే అడగతా ఉండారు, ఏందక్కా పడవ బోర్లా పడిందని. ఈయన పలకడు. నేనే చెప్తా ఉండా, మా ఇంటికి రిపేరుకి వచ్చిన పడవ అది, ఇంకా పని అయిపోలేదని."